పాట కంపెనీదా, బజారుదా?

ఖరీదైన కార్లలో సౌండ్ సిస్టమ్ ఇప్పుడు అలంకారం కాదు, కారు నాడీమండలంలో భాగం. అందుకే కంపెనీ ఇచ్చేది తీసుకోవాలా, బయట బిగించుకోవాలా అన్నది కారు ఇంటికొచ్చాక కాదు, ఆర్డరు ఇవ్వకముందే తేల్చుకోవాలి

లగ్జరీ కారు షోరూమ్‌లో బేరం ముగింపుకొచ్చిన వేళ చివరి ప్రశ్న ఎదురవుతుంది. రంగు తేలిపోయింది. తోలు సీట్ల ఛాయ తేలిపోయింది. చక్రాల సైజూ కుదిరింది. ఇక మిగిలింది మ్యూజిక్. మామూలు సిస్టమ్ చాలా, లేక జర్మనీ, డెన్మార్క్, బ్రిటన్ కంపెనీల పేర్లు చెక్కిన స్పీకర్లు కావాలా? ఆ ఒక్క గడిలో టిక్కు పెడితే చాలు, కొన్ని మోడళ్లలో బిల్లు లక్షల్లో పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే వెంట వచ్చిన బావమరిదో స్నేహితుడో చెవిలో ఊదుతాడు: ''ఇందులో సగం డబ్బిస్తే బయట దీని తాతలాంటిది పెట్టిస్తా.''

పాతికేళ్ల కిందటైతే కళ్లు మూసుకుని వినాల్సిన సలహా అది. ఇప్పుడు మాత్రం ఆచితూచి వినాలి. ఎందుకంటే ఆనాటి కారులో స్టీరియో అద్దెకున్న మనిషి లాంటిది. ఖాళీ చేయించి ఇంకొకరిని దింపొచ్చు. ఈనాటి ఖరీదైన కారులో అది ఇంటి గోడల్లో కలిసిపోయింది. కదిలిస్తే ఇంకేం కదులుతుందో తెలియదు.

మొదట్లో అంతా బజారే

కారులో సంగీతం పుట్టిందే బయటి సరుకుగా. 1930లో అమెరికాలో పాల్ గాల్విన్ కంపెనీ కారు రేడియోను అమ్మకానికి తెచ్చింది. మోటార్‌నీ సంగీతాన్నీ కలిపి దానికి పెట్టిన పేరే మోటరోలా. రెండేళ్ల తర్వాత జర్మనీలో బ్లాపుంక్ట్ తెచ్చిన రేడియో ధర ఏకంగా కారు ధరలో మూడో వంతు. అంటే సంగీతం కోసం కారు యజమానులు జేబులు ఖాళీ చేసుకోవడం కొత్తేమీ కాదు.

మన దేశంలో కథ ఇంకా ఆలస్యంగా మొదలైంది. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కిన తర్వాత చాలా ఏళ్లపాటు మధ్యతరగతి కారు కొన్నాక చేసే రెండో పని క్యాసెట్ ప్లేయర్ బిగించుకోవడం. మొదటిది గుడికెళ్లి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం. ఢిల్లీలో కరోల్‌బాగ్, బెంగళూరులో జేసీ రోడ్డు, చెన్నైలో జనరల్ పాటర్స్ రోడ్డు, సికింద్రాబాద్‌లో రాణీగంజ్ లాంటి వీధుల్లో కారు సరంజామా దుకాణాలు పెరిగాయి. డ్యాష్‌బోర్డులో ఒకే కొలతతో ఖాళీ అర, నాలుగు స్పీకర్ల తీగలు, ఒక కరెంటు తీగ. స్క్రూడ్రైవర్ పట్టడం వచ్చిన ఏ కుర్రాడైనా గంటలో పని ముగించేవాడు.

విచిత్రమేమిటంటే ఆ 1983లోనే అమెరికాలో ఆట నియమాలు మారాయి. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ప్రొఫెసర్ అమర్ బోస్ కంపెనీ జనరల్ మోటార్స్‌తో చేయి కలిపి కాడిలాక్ సెవిల్ వంటి కార్ల కోసం ప్రత్యేకంగా సౌండ్ సిస్టమ్‌ను రూపొందించింది. బ్రిటిష్ పాలనను ఎదిరించి కోల్‌కతా నుంచి అమెరికా చేరిన బెంగాలీ తండ్రికి పుట్టిన బోస్ ఆలోచన సూటిగా ఉంటుంది. ఇంట్లో శ్రోత ఎక్కడ కూర్చుంటాడో, గోడలు ఎలా ఉంటాయో స్పీకర్ తయారుచేసేవాడికి తెలియదు. కారులో మాత్రం సీటు, అద్దం, తలుపు అన్నీ ముందే తెలుసు. కాబట్టి ఫలానా కారుకు ఫలానా స్పీకర్ అని లెక్కగట్టి తయారు చేయొచ్చు. నేడు లగ్జరీ కార్ల జాబితాలో కనిపించే పేర్లన్నీ ఆ లెక్క నుంచి పుట్టినవే. 2000ల్లో లెక్సస్‌తో మార్క్ లెవిన్‌సన్, ఆడితో బ్యాంగ్ అండ్ ఓలుఫ్‌సెన్, ఆ తర్వాత మెర్సిడెస్, పోర్షేలతో బుర్‌మెస్టర్, జాగ్వార్ ల్యాండ్‌రోవర్‌తో మెరీడియన్ జత కట్టాయి.

తీగ తెగితే అంతా మౌనం

బజారు మెకానిక్‌కు అసలు దెబ్బ తగిలింది 2001లో. ఆ ఏడాది వచ్చిన బీఎండబ్ల్యూ 7 సిరీస్‌లో రేడియో, ఆంప్లిఫయర్, ఫోను వంటివన్నీ మోస్ట్ అనే ఆప్టికల్ ఫైబర్ వలయంతో కలిశాయి. సంగీతం కరెంటు తీగలో కాక కాంతి రూపంలో ఒక పెట్టె నుంచి మరో పెట్టెకు గుండ్రంగా తిరుగుతుంది. వలయంలో ఒక పెట్టెను పీకేస్తే మిగతావీ మూగబోతాయి. తర్వాతి ఏళ్లలో మిగతా లగ్జరీ కంపెనీలు కూడా ఇదే బాటలో నడిచాయి.

ఇక తెర సంగతి సరే సరి. పాటతో పాటు ఏసీ, వెనుక కెమెరా, దారి చూపే మ్యాపు, కారు సెట్టింగులన్నీ దాని కిందే ఉన్నాయి. దాన్ని తీసి వేరేది పెట్టడం చాలా కార్లలో జరిగే పని కాదు. స్పీకర్లకు కూడా పాట ఒక్కటే పని కాదు. సీటు బెల్టు హెచ్చరిక, పార్కింగ్ సెన్సర్ల కూత వాటి నుంచే వస్తాయి. కొన్ని కార్లలో టైర్ల రొదను అణచే వ్యతిరేక తరంగాలను కూడా అవే పలుకుతాయి. 2011లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5లో ఇంజన్ గర్జనను స్పీకర్ల ద్వారా వినిపించడం అప్పట్లో కారు ప్రియుల మధ్య పెద్ద చర్చకే దారితీసింది. చప్పుడు లేని ఎలక్ట్రిక్ కార్లలోనైతే కారు గొంతే స్పీకర్లది. 2024లో మహీంద్రా తెచ్చిన ఎలక్ట్రిక్ ఎస్‌యూవీల శబ్దాలకు ఏ.ఆర్. రెహమాన్ పనిచేయడం అందుకే.

కంపెనీ చేతిలో ఉన్న ఆస్తి

కారులో సంగీతానికి మొదటి శత్రువు కారే. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు కాబట్టి కుడి తలుపు స్పీకర్ దగ్గర, ఎడమది దూరం. అర మీటరు తేడా ఉంటే ఎడమ ధ్వని దాదాపు 1.5 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. అంత స్వల్ప ఆలస్యానికే మెదడు గాయకుణ్ని తీసుకెళ్లి కుడి తలుపులో కూర్చోబెడుతుంది. అద్దాలు హెచ్చు స్వరాలను తిప్పికొడతాయి, సీట్లు మింగేస్తాయి. వేగం పెరిగితే రోడ్డు రొద మంద్రస్వరాలను కప్పేస్తుంది.

వీటికి మందు వేయడంలో కంపెనీకి ఉన్న వెసులుబాటు బయటివాడికి లేదు. కారు ఇంకా కాగితం మీద ఉండగానే స్పీకర్‌కు చోటు కేటాయించుకోవచ్చు. 2015 తరం వోల్వో ఎక్స్‌సీ90లో సబ్‌ఊఫర్‌ను వెనుక చక్రం పైభాగంలో అమర్చి, బయటి గాలితో కలిపి, డబ్బా బరువు లేకుండానే లోతైన బేస్ రాబట్టారు. 2020 రోల్స్‌రాయిస్ ఘోస్ట్‌లో తలుపుల కిందుండే బోలు దూలాన్నే స్వరపేటికగా మార్చారు. 2021లో ఆవిష్కరించిన రేంజ్‌రోవర్‌లో తలగడల్లో కూడా స్పీకర్లు చేరాయి. ఇలాంటివి కారు తయారయ్యాక ఏ దుకాణంలోనూ దొరకవు.

పేరు వేరు, ఇల్లొకటే

అలాగని జాలీ మీద చెక్కిన పేరు చూసి చేతులెత్తి మొక్కనక్కర్లేదు. జేబీఎల్, హర్మాన్ కార్డన్, ఇన్ఫినిటీ, మార్క్ లెవిన్‌సన్ నాలుగూ హర్మాన్ అనే ఒకే సంస్థ బ్రాండ్లు. 2015లో బ్యాంగ్ అండ్ ఓలుఫ్‌సెన్ కార్ల విభాగాన్ని కూడా హర్మానే కొనేసింది. ఆ హర్మాన్‌ను 2017లో సుమారు 800 కోట్ల డాలర్లకు శాంసంగ్ చేజిక్కించుకుంది. 2025లో బోవర్స్ అండ్ విల్కిన్స్ కూడా అదే గూటికి చేరింది. మరోవైపు 2024లో మెకింటాష్, సోనస్ ఫాబెర్‌లను బోస్ కొనుక్కుంది. అంటే పోటీ పడుతున్నట్టు కనిపించే కార్లలో పాట వినిపించేది చాలాసార్లు ఒకే ఇంటి అన్నదమ్ములు. దానర్థం అవన్నీ ఒకేలా ఉంటాయని కాదు. ఒకే బ్రాండు కింద ఒక కారులో అద్భుతంగా, ఇంకో కారులో అంతంతమాత్రంగా ఉండొచ్చు. పేరు మీద కాదు, ఆ కారులో దానికి కేటాయించిన ఖర్చు మీద నాణ్యత ఆధారపడుతుంది.

వాట్ల సంఖ్య సంగతీ అంతే. వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలు బిగ్గరగా అనిపించాలంటే దాదాపు పదింతల పవర్ కావాలి. కాబట్టి 700 వాట్ల సిస్టమ్‌కూ 1,400 వాట్ల సిస్టమ్‌కూ బ్రోషర్‌లో కనిపించినంత తేడా చెవిలో వినిపించదు.

కంపెనీ సిస్టమ్‌లలో మరో లోపం ప్రాథమిక రకానిది. పైరకం ఎంపికను అమ్ముకోవాలి కాబట్టి ఎంతో ఖరీదైన కారులో కూడా కింది రకం స్పీకర్లు చప్పగా ఉండటం మామూలే. పైగా వాల్యూమ్ పెంచినకొద్దీ స్పీకర్ చిరగకుండా సాఫ్ట్‌వేరే బేస్‌ను తగ్గిస్తుంటుంది. సరిగ్గా మృదంగం మోగాల్సిన చోట గొంతు నొక్కినట్టవుతుంది.

బజారు తెలివి మీరింది

ఇక్కడే బయటి మార్కెట్ తన అవకాశాన్ని వెతుక్కుంది. పాత పద్ధతిలో తెర పీకేయడం మానేసింది. ఇప్పుడు మంచి దుకాణాలు కంపెనీ తెరను ముట్టుకోవు. దాని వెనుక నుంచి సిగ్నల్ తీసుకుని డిజిటల్ సౌండ్ ప్రాసెసర్ అనే చిన్న పెట్టెలోకి పంపుతాయి. అది కంపెనీ చేసిన హెచ్చుతగ్గులను సరిచేసి, దగ్గరి స్పీకర్‌ను కాస్త ఆపి, దూరపు స్పీకర్‌తో సమానంగా పలికిస్తుంది. ఆ కారు కొలతలకే తయారైన స్పీకర్లు, కంపెనీ కనెక్టర్లకే సరిపోయే తీగల కట్టలు కూడా దొరుకుతున్నాయి. ఒక్క తీగ కూడా కోయకుండా పని పూర్తిచేసి, కావాలంటే ఒక్క రోజులో మళ్లీ పాత స్థితికి తేవచ్చు.

ఈ పద్ధతిలో సామాను కంటే మనిషి ముఖ్యం. డ్రైవర్ తల ఉండేచోట మైకు పెట్టి, కంప్యూటర్‌లో కొలిచి, గంటల తరబడి సరిచేసే ఓపికున్న నిపుణుడి చేతిలో మధ్యరకం స్పీకర్లు కూడా పాడతాయి. అది లేని చేతిలో ఎంత ఖరీదైనవైనా అరుస్తాయి.

అయితే చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. బయటి పని అద్భుతంగా కుదిరేది కంపెనీ ప్రాథమిక సిస్టమ్ మీద. లక్షలు పోసి కొన్న పైరకం సిస్టమ్ మీద చేయి చేసుకోవడం కష్టం. అందులో సిగ్నల్ అప్పటికే పది పదిహేను దారులుగా చీలి, ఒక్కో స్పీకర్‌కు ఒక్కో ఆలస్యం, ఒక్కో కోత కలిసి బయటకొస్తుంది. దాన్ని మళ్లీ ముడివేయడం వండిన కూర నుంచి కారం తీయడం లాంటిది. కాబట్టి ఎంపిక ఆర్డరు దశలోనే జరగాలి. బయట చేయించాలనుకుంటే కారును ప్రాథమిక సిస్టమ్‌తోనే తీసుకోవాలి. కంపెనీదే కావాలనుకుంటే పైరకం తీసుకుని దాన్ని అలాగే వదిలేయాలి. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడికి రెండు బిల్లులు మిగులుతాయి.

తలుపులో దాగిన ప్రమాదం

డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. కానీ కారు తలుపులో, స్తంభాల్లో ఇప్పుడు ప్రాణాలను కాపాడే సరంజామా ఉంటుంది. పక్క నుంచి కాపాడే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ముందు అద్దం పక్క స్తంభంలో నుంచి పైకప్పు అంచు వెంట ఉంటుంది. చాలామంది ట్వీటర్ బిగించేది ఆ స్తంభానికే. అనేక కార్లలో పక్క నుంచి వచ్చే దెబ్బను పసిగట్టేది తలుపు లోపలుండే ప్రెషర్ సెన్సర్. తలుపు నొక్కుకుపోగానే లోపలి గాలి ఒత్తిడి పెరుగుతుంది, దాన్నిబట్టి ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుంది. పెద్ద స్పీకర్ కోసం తలుపు లోపలి రేకులో కొత్త రంధ్రం చేస్తే ఆ ఒత్తిడి లెక్క మారిపోవచ్చు. పాట బాగా వినిపించడం కోసం పెట్టిన రంధ్రం ఎయిర్‌బ్యాగ్‌ను ఆలస్యం చేసే ప్రమాదం ఉంది. పసుపు రంగు కనెక్టర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి. వాటి జోలికెళ్లే మెకానిక్‌ను అక్కడే ఆపాలి.

కరెంటు సంగతి మరొకటి. 1,000 వాట్లను నిజంగా రాబట్టే ఆంప్లిఫయర్ పూర్తి మోతలో 80 నుంచి 90 ఆంపియర్లు లాగుతుంది. సన్నటి తీగ వేసి, బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టకపోతే రాసుకుపోయిన తీగ నిప్పు రాజేస్తుంది. ఖరీదైన కార్లలో బ్యాటరీ మీద కరెంటు లెక్క చూసే సెన్సర్ కూడా ఉంటుంది. దాన్ని దాటేసి ఎర్త్ తీగ బిగిస్తే కారు కంప్యూటర్ లెక్క తప్పుతుంది. బ్యాటరీ ఎందుకు దిగిపోతోందో ఎవరికీ అంతుపట్టదు.

వారంటీ, బీమా, పన్ను

బయట తీగ ముట్టుకుంటే వారంటీ మొత్తం పోతుందని బెదిరించడం షోరూమ్‌ల అలవాటు. అది పూర్తిగా నిజం కాదు, పూర్తిగా అబద్ధమూ కాదు. బయటి సామాను వల్ల జరిగిన నష్టానికి బాధ్యత లేదని వారంటీ పుస్తకాల్లో సాధారణంగా ఉంటుంది. అంటే ఎలక్ట్రికల్ లోపం తలెత్తితే తగవు ఖాయం. గేర్‌బాక్స్ పాడైతే దానికీ స్పీకర్‌కూ ముడిపెట్టడం కష్టం. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్ మాస్ వారంటీ చట్టం ఈ విషయంలో వినియోగదారుడి కొమ్ము కాస్తుంది. మన దగ్గర 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలపై రూ.2,500 కోట్లకు పైగా జరిమానా విధించిన ఉత్తర్వులో కాంపిటీషన్ కమిషన్ ఒక మాట స్పష్టం చేసింది. బయటి మెకానిక్ వద్దకు వెళ్లినంత మాత్రాన వారంటీని గంపగుత్తగా రద్దు చేయకూడదంది. కంపెనీలు ఆ ఉత్తర్వుపై అప్పీళ్లకు వెళ్లాయి. సామాన్యుడికి మిగిలేది వినియోగదారుల కమిషన్. అక్కడ గెలవాలంటే బిల్లు, సామాను వివరాలు, పనికి ముందు తర్వాత తీసిన ఫొటోలు చేతిలో ఉండాలి.

బీమాలో కూడా మెలిక ఉంది. కంపెనీ అమర్చి ఇచ్చిన సిస్టమ్ కారు విలువలో భాగం. బయట పెట్టించినది కాదు. దాన్ని విడిగా బీమా కంపెనీకి చూపించి అదనపు ప్రీమియం కట్టాలి. పాత టారిఫ్‌లో అది విలువ మీద 4 శాతం. చూపించకపోతే దొంగతనం జరిగినా, వరదలో మునిగినా ఆ సొమ్ము రాదు. పన్ను విషయంలో మాత్రం తక్కెడ ఇటు మొగ్గుతుంది. కారుతో పాటు కొన్న సిస్టమ్ ధర ఎక్స్‌షోరూమ్ ధరలో కలిసిపోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్లపై జీఎస్‌టీ 40 శాతం. ఆ మొత్తం మీద రాష్ట్రం లైఫ్ ట్యాక్స్ వేస్తుంది. అంటే స్పీకర్లకు కూడా రోడ్డు పన్ను కడుతున్నట్టే.

చెవిని నమ్ముకోండి

మరి ఏది తీసుకోవాలి? కొత్త కారు, నాలుగైదేళ్లలో మార్చేసే అలవాటు, తలనొప్పులు వద్దనుకునే మనస్తత్వం ఉంటే కంపెనీ పైరకం సిస్టమ్ సరైన దారి. కంపెనీకి రెండు మూడు రకాలుంటే తరచూ మధ్యరకమే డబ్బుకు తగ్గ ఫలం. ఆఖరి మెట్టు చాలాసార్లు గొప్పకే. సంగీతం అంటే చెవి కోసుకునేవారు, మంచి నిపుణుడు తెలిసినవారు ప్రాథమిక సిస్టమ్‌తో కారు తీసుకుని, ఏమీ కోయకుండా బయట చేయించుకోవచ్చు. పదేళ్లు దాటిన సెకండ్ హ్యాండ్ లగ్జరీ కారు కొన్నవారికైతే బజారే దిక్కు. వారంటీ ఎలాగూ ఉండదు. చెడిపోయిన కంపెనీ ఆంప్లిఫయర్ ధర వింటే కొత్త సిస్టమే చవకనిపించొచ్చు.

నిర్ణయానికి ముందు అరగంట వినాలి. షోరూమ్ వాళ్లు వినిపించే డెమో పాట ఎంత పాత స్పీకర్‌లోనైనా బాగుంటుంది. తెలిసిన పాటలే తీసుకెళ్లాలి. వీలైతే ఫోన్‌ను బ్లూటూత్‌తో కాక కేబుల్‌తో కలపాలి. ఒక వీణ లేదా వయొలిన్ కచేరీ, ఒక ఇళయరాజా పాట, ఒక ఘంటసాల పాట చాలు. కచేరీలో మృదంగం రెండు వైపులా విడివిడిగా వినిపించాలి. ఇళయరాజా పాటలో బేస్ గిటార్ స్వరాలు కలిసిపోకుండా నడవాలి. ఘంటసాల మోనో రికార్డింగు నిజమైన పరీక్ష. రెండు వైపులా ఒకే ధ్వని కాబట్టి గొంతు సరిగ్గా ఎదురుగా, డ్యాష్‌బోర్డు మధ్యలో నిలబడాలి. పక్కకు ఒరిగితే ఆ సిస్టమ్ లెక్క తప్పినట్టే.

ఇంకో సంగతి. మన దేశంలో ఖరీదైన కారు యజమానుల్లో చాలామంది వెనుక సీట్లోనే కూర్చుంటారు. స్టీరింగ్ దగ్గర కూర్చుని విని లక్షలు పెడితే ఆ సుఖం డ్రైవర్‌ది. వెనుక ఎడమవైపు కూర్చుని, బండి ఆగి ఉన్నప్పుడు ఒకసారి, 80 కిలోమీటర్ల వేగంలో ఒకసారి వినాలి. వాల్యూమ్‌ను కూడా హద్దులో ఉంచాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన వారానికి 40 గంటలు వినడానికి 80 డెసిబెల్స్ గరిష్ఠం. 90కి చేరితే వారానికి నాలుగు గంటలే.

స్పీకర్ పాడైతే కంపెనీదైనా బజారుదైనా కొత్తది దొరుకుతుంది. చెవికి మాత్రం స్పేర్ పార్టు లేదు.